ఢిల్లీ మీదుగా అక్క కూతురి పెళ్లికి

మా వాళ్లలో ఏ శుభకార్యం జరిగినా, బంతిలో కూర్చున్నాక ఎవరో ఒకరు విస్తరి మీంచి తలెత్తి, "మల్లేశం ఏ రూటుల వచ్చిండు?" అని అడుగుతారు. అందరూ నవ్వుతారు. ఆ మల్లేశాన్ని నేనే కాబట్టి నేనూ నవ్వుతాను, లోపల పళ్లు నూరుకుంటూ. ఆ ప్రశ్న వెనక ఉన్న సర్వనాశనం ఏమిటో మీకు చెప్పబోతున్నాను. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా అక్క వాడకుండా మిగిల్చిన తిట్టు ఏదైనా దొరికితే వాడుకోండి.

అప్పట్లో నేను దుబాయిలో ఒక కట్టడాల కంపెనీకి స్టోర్‌కీపర్ని. ఇంటర్ తప్పినవాణ్ని కదా అని తేలిగ్గా చూడకండి. మా ఊరు మెట్‌పల్లి గ్రంథాలయంలో ఫ్యాను కింది కుర్చీ నాదే. భూగోళం, ఖగోళం, వాతావరణం, సముద్రాల లోతులు, మేఘాల రకాలు, ఏదీ వదల్లేదు. తాళం వేసే వేళకు నన్ను కుర్చీలోంచి లేపడం ఆ గ్రంథపాలకుడికి ఉద్యోగంలో ఒక భాగమైపోయింది. ఆ చదువు వల్ల నాకు రెండు రోగాలు అంటుకున్నాయి. కంటబడ్డ ప్రతి కాగితాన్నీ చివరిదాకా చదవడం ఒకటి. చదివినదాన్ని పక్కవాడు పారిపోయేదాకా చెప్పడం రెండోది.

ఇక ఈ కథంతటికీ కారణమైన బంగారు కార్డు పిచ్చి చదువులోంచి పుట్టలేదు, కోపంలోంచి పుట్టింది. ఒకసారి సెలవు ముగించుకుని తిరిగి పోతుంటే హైదరాబాద్ విమానాశ్రయంలో మా గల్ఫు జనమంతా దుప్పట్ల మూటలతో, తాళ్లు కట్టిన అట్టపెట్టెలతో చాంతాడంత లైనులో నిలబడ్డాం. నా పెట్టె కాస్త బరువు తేలింది. కౌంటరులోని అమ్మాయి అందరి ముందూ పెట్టె విప్పించింది. అక్క పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు డబ్బాను నా చేత్తోనే చెత్తబుట్ట పక్కన పెట్టించింది. సరిగ్గా అప్పుడే నా పక్కనుంచి ఒకాయన, ఎర్ర తివాచీ పరిచిన వేరే కౌంటరుకు నడిచి వెళ్లాడు. ఆయన పెట్టెలు నావాటికి రెట్టింపున్నాయి. ఎవరూ తూచినట్టే లేదు. ఆయన చేతిలో, తరచూ ఎగిరేవాళ్లకు విమానాలవాళ్లు ఇచ్చే బంగారు రంగు కార్డు. నా ముక్కుకింకా తొక్కు వాసన తగులుతూనే ఉంది. ఆ క్షణాన నిశ్చయించుకున్నాను, ఆ తివాచీ మీద నేనూ నడవాలని.

ఆ ఏడాది కంపెనీ నన్ను దోహాకూ మస్కట్‌కూ గిరగిరా తిప్పింది. దాంతో వెండి కార్డు దానంతట అదే వచ్చింది. బంగారానికి ఇంకా కొన్ని పాయింట్లు కావాలి. వాళ్లు పాయింట్లంటారు, నేను మాత్రం మార్కులనే అంటాను. ఇంటర్‌లో రాని మార్కులు ఇక్కడైనా వస్తాయన్న ఆశ కాబోలు. నియమాలన్నీ చదివాను. ఎంత దూరం పోయావన్నది కాదు, ఎన్నిసార్లు ఎక్కి దిగావన్నదే వాళ్ల లెక్క. డిసెంబరు దాటితే అన్నీ చెరిపేసి మళ్లీ మొదటికి తెస్తారు.

ఆ డిసెంబరులోనే మా అక్క కూతురు లావణ్య లగ్గం కుదిరింది. అబ్బాయిది ఆదిలాబాద్ జిల్లా బోథ్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఆడపిల్ల పెళ్లంటే ముందుగా ఆ పిల్ల తల్లికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, పోకలనే వక్కలు, పసుపుకొమ్ములతో ఆమె ఒడి నింపాలి. చీర పెట్టాలి. ఆ చీర కట్టుకునే ఆమె కన్యాదానానికి కూర్చుంటుంది. మా అవ్వ, బాపు, కన్నవాళ్లిద్దరూ ఎప్పుడో పోయారు. మా లచ్చక్కకు పుట్టిల్లంటే నేనొక్కణ్నే. మరి ఆ పుట్టిల్లు ఏం చేసిందంటే, నేరుగా హైదరాబాద్‌కు విమానం ఉండగా, దుబాయి నుంచి కొచ్చికి, కొచ్చి నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు టికెట్ కొన్నది. మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగితే బంగారం చేతిలో పడుతుంది మరి.

నా గదిలో ఉండే గంగారాం నస్పూర్‌వాడు, బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. వాడికీ అప్పుడే సెలవు దొరికింది. నా టికెట్‌ను వాడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, నువ్వు మెట్‌పల్లి నుంచి పక్కనున్న కోరుట్లకు పోవాల్నంటే ఆదిలాబాద్ మీదికెళ్లి పోతవా?"

"నీకు తెల్వదు గంగారాం. ఇది లెక్క. ఒక్కసారి బంగారు కార్డు వచ్చిందనుకో, ఏడాదంత ఎక్కువ సామాను తీస్కపోవచ్చు. లైన్ల నిలవడేది లేదు."

"నువ్వు ఏడాదికి ఒక్కసారి ఇంటికి పోతవు. లైన్ల నిలవడేది గూడ గా ఒక్కసారే గదా."

"కంపెనీ పని మీద తిరుగుత గదా."

"కంపెనీ పని మీద పోతే నీ సామాను సబ్బు, తువ్వాల. దానికి ఎర్ర తివాచీ ఎందుకే?"

ఓడిపోతున్నప్పుడు నేను గొంతు పెంచుతాను. పెంచాను. వాడు చేతులెత్తేశాడు.

"సరే తియ్. నేను సీదా హైదరాబాద్‌కే పోతున్న. పెండ్లికి నేను గూడ వస్తున్న గదా, జర గా చీరన్న నా చేతికియ్యి. నువ్వు ఏడ తిరిగినా చీర ఇంటికి చేరుతది."

"మా అక్క చీర నేను తేకుంట ఎవడో తెస్తడా?"

ఈ మాట నేనే అన్నాను. ఇప్పటికీ దాన్ని తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొచ్చి దాకా హాయిగా వెళ్లాను. ఢిల్లీ దాకా ఇంకా హాయిగా వెళ్లాను. లగ్గానికి ముందురోజు పొద్దున ఢిల్లీలో హైదరాబాద్ విమానం ఎక్కాలి, సాయంత్రానికల్లా మెట్‌పల్లిలో అక్క ఇంట్లో ఉండాలి. తెల్లారి అద్దాల్లోంచి బయటికి చూస్తే విమానాలు లేవు, రన్‌వే లేదు, ఢిల్లీయే లేదు. గోడకు సున్నం కొట్టినట్టు తెల్లటి పొగమంచు.

పొగమంచు ఎలా పుడుతుందో నాకు తెలుసు. గ్రంథాలయంలో చదివాను. నేల చల్లబడటం, గాలిలో తేమ, గాలి కదలకపోవడం, అంతా తెలుసు. పక్క కుర్చీలోని పెద్దాయనకు హిందీలో వివరించి చెప్పాను కూడా. ఆయన శ్రద్ధగా విని, "డిసెంబరులో ఇక్కడ రోజూ ఇంతే కదా బాబూ, మరి మీరు ఈ దారిన ఎందుకొచ్చారు?" అన్నాడు. సముద్రాల లోతులు తెలిసిన ఈ బుర్రకు టికెట్ కొనేటప్పుడు ఆ ఒక్క ముక్క తట్టలేదు చూశారా. కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ పెద్దాయన పక్కనుంచి లేచి వెళ్లిపోయాను.

విమానం ఆలస్యమన్నారు. ఆ తర్వాత ఇంకా ఆలస్యమన్నారు. చివరికి రద్దన్నారు. కౌంటరు ముందు జనం తేనెతుట్టె కదిలినట్టు మూగారు. నేను వెండి కార్డు పైకెత్తి పట్టుకుని తోసుకుంటూ ముందుకెళ్లాను.

"మీరు మాకు ఎంతో విలువైన ప్రయాణికులు సార్. రేపు చూద్దాం," అంది కౌంటరులోని అమ్మాయి.

"రేపు పొద్దున మా అక్క ఒడి నింపాలమ్మా."

"అర్థం చేసుకోగలను సార్. లైనులోకి రండి."

అంత విలువైన ప్రయాణికుణ్ని లైను చివరికి పంపించారు. నా వెనక నిలబడ్డ మనిషికి ఏ కార్డూ లేదు. ఆయనకూ అదే జవాబు చెప్పారు, అదే నవ్వుతో.

రైలంటే రోజంతా పడుతుంది. వేరే విమానాలూ ఇదే పొగలో కూర్చున్నాయి. చీర సంచి ఒళ్లో పెట్టుకుని ఆ పగలూ రాత్రీ నేల మీదే గడిపాను. మరునాడు పొద్దున ఫోను మోగింది. అక్క.

"ఏడున్నవ్‌రా?"

"ఢిల్లీల ఉన్న అక్కా."

అవతల సన్నాయి మోగుతోంది.

"ఢిల్లీల మనకు ఎవరున్నర్రా?"

"ఎవరు లేరక్కా. కార్డు కోసం…"

"ఏం కార్డు? రేషన్ కార్డా?"

"కాదక్కా, విమానంది. బంగారు కార్డు. అది ఉంటే సామాను ఎక్కువ తేవచ్చు."

"ఎవరికి తెస్తవ్‌రా సామాను? నేను నిన్ను రమ్మన్న. సామాను రమ్మన్ననా?"

ఫోను పెట్టేసింది. కాసేపటికి గంగారాం చేశాడు. వాడి వెనక పెళ్లివాళ్ల గోల వినబడుతోంది.

"అన్నా, అక్క పీట మీద కూసున్నది. లేస్తలేదు. పంతులు లగ్గం దాటిపోతుందని పరేషాన్ అయితుండు. నేను మల్లేశన్న తరపున పోస్త అక్కా అన్న."

"ఏమన్నది?"

"బియ్యం పోసుడుకు నీకు చేతులున్నయి గని నా పుట్టిల్లు కావు గదరా అన్నది. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. బావ వచ్చి లేపిండు. పాత చీర మీదనే కన్యాదానానికి పోయింది."

నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంలో ఎవరి మీద అరిచానో సరిగా గుర్తులేదు. ఒక చెత్తబుట్టను తన్నినట్టు మాత్రం కాలికి గుర్తుంది.

మధ్యాహ్నానికి పొగ విడిపోయింది. నా విమానం సిబ్బంది ఇంకా ఎక్కడో ఇరుక్కున్నారట, నన్ను వేరే కంపెనీ విమానం ఎక్కించారు. కిటికీ పక్క సీటు. కింద గోదావరి మెరుస్తూ కనబడింది. అంటే ఆదిలాబాద్ మీదుగా, మా కొత్త అల్లుడి జిల్లా మీదుగా, అక్క చీర ఒళ్లో పెట్టుకుని, దిగడానికి వీల్లేకుండా పోతున్నానన్నమాట. మా భూగోళం పుస్తకం నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష వేయలేదు.

మెట్‌పల్లి చేరేసరికి బాగా రాత్రయింది. అప్పగింతలు అయిపోయాయి. పిల్ల బోథ్ వెళ్లిపోయింది. పందిట్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. బావ రాజన్న నన్ను చూసి వంటవాళ్ల వైపు తిరిగాడు.

"బంగారు కార్డు సారు వచ్చిండు. లైన్ల నిలవడడట. ఆయనకు వేరే బంతి వెయ్యుర్రి."

ఉన్నదంతా అడుగంటిన పప్పే కాబట్టి లైను సమస్య రాలేదు.

  అక్క పీట తెచ్చి వేసుకుని, నా ముందు కొంగు పరిచి కూర్చుంది. నేను పసుపు బియ్యం దోసిళ్లతో ఆమె ఒడిలో పోశాను. కుడుకలు పెట్టాను. చీర పెట్టాను. 

"కండ్లు కాయలు కాసినయ్‌రా నీకోసం చూసి చూసి," అంది చివరికి, తల ఎత్తకుండానే. "పెండ్లి పీటల మీద నీ పుట్టింటోళ్లు ఏరి అని వియ్యపురాలు అడిగింది. ఏం చెప్పాలె? నా పుట్టిల్లు ఢిల్లీల పొగల ఇరుకున్నది అని చెప్పాల్నా?"

"తప్పయింది అక్కా."

"తప్పు కాదు. తెలివి ఎక్కువైంది."

కొంగు ముడివేసుకుని లేచింది. ఆమె లేచాకే నాకు ఊపిరాడింది.

మరునాడు కనీసం బంగారమైనా దక్కిందా అని విమానం కంపెనీకి ఫోను చేశాను. మీరు నన్ను తిడతారని తెలుసు, అయినా దాచను. అవతలివాడు ఎంతో మర్యాదగా చెప్పాడు. "మీ చివరి ప్రయాణం వేరే కంపెనీ విమానంలో జరిగింది సార్. దానికి మా దగ్గర పాయింట్లు రావు. మీరు బంగారు కార్డుకు ఒకే ఒక్క ప్రయాణం దూరంలో ఉన్నారు. ఈ నెలాఖరులోగా చేసేయండి." నా తిరుగు టికెట్ జనవరికి ఉంది.

ఫోను స్పీకరులో ఉంది. అక్క విన్నది.

"ఒక్క ప్రయాణం మిగిలిందా? నేను చేపిస్త," అంది. "బోథ్ పో. పిల్లను, అల్లుణ్ని తోలుకరా. నిర్మల్‌ల దిగి ఇంకో బస్సు ఎక్కాలె. ఎక్కుడు దిగుడు మస్తుంటది. మార్కులు వస్తయేమో కండక్టరును అడుగు."

వెళ్లాను. వెళ్లకపోతే ఇంట్లో ఉండనిచ్చేదా. తిరుగు ప్రయాణంలో బోథ్ బస్టాండులో కొత్త అల్లుడు, పాపం మర్యాదస్తుడు, నిర్మల్ బస్సులోని జనాన్ని చూసి నా చెవిలో అన్నాడు.

"మామా, ఆదిలాబాద్ మీదికెళ్లి పోదమా? జర సుట్టుతోవ గని, అక్కడికెళ్లి ఎక్కితే సీట్లు దొరుకుతయి."

నేను వాడి వైపు చూసిన చూపుకు లావణ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ బస్టాండు సాక్షిగా, భూగోళం ఖగోళం సాక్షిగా, అక్క కొంగులో ముడిపడ్డ పసుపు బియ్యం సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను. ఏ లోహపు కార్డు ఇస్తామన్నా సరే, ఈ జన్మలో ఏ ఊరికైనా ఆ ఊరి దారినే పోతాను.

నిర్మల్ దాకా ముగ్గురం నిలబడే వచ్చాం.