బొగ్గు అంటుకునేదాకా ఒక కథ

సుల్తానాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడికి పోయే దారిలో, వరి పొలాల అవతల నాలుగైదు ఇటుక బట్టీలున్నాయి. చలికాలం పొద్దున బస్సు అక్కడికి వచ్చేసరికి మంచుతో కలిసి రోడ్డు మీదికి పాకే బొగ్గుపొగ వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. నా పక్కన కూర్చునే లెక్కల టీచరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మేడం, జర కిటికీ మూయుండ్రి, దగ్గొస్తంది" అంటుంది. మూస్తాను, కానీ వెంటనే మూయను. కిటికీ బిగుసుకుపోయినట్టు కాసేపు నటించి, రెండు ఊపిర్లు నిండా పీల్చుకున్నాకే మూస్తాను. యాభై దాటిన మనిషిని, దగ్గొచ్చే పొగ కోసం ఈ దొంగవేషాలేమిటని నాకే సిగ్గుగా ఉంటుంది. ఏం చేయను, నా చిన్నతనమంతా ఆ పొగలోనే ఉంది.

మాది గోదావరి ఒడ్డున బొగ్గు బాయిల ఊరు. అక్కడ గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. పనికి పోవడమంటే బాయి దిగడం. మా బాపు బాయిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపేవాడు. కంపెనీ క్వార్టర్లు వరుసలు వరుసలుగా ఉండేవి, అన్నింటికీ ఒకే సున్నం, ఒకే రేకు తలుపు. ఒక వరుసలో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళ రొట్టెల వాసన, ఇంకో వరుసలో కోస్తా నుంచి వచ్చినవాళ్ళ చింతపండు పులుసు వాసన, మా వరుసలో ఎండుచేపల వాసన. అందరి పొయ్యిలోకీ కంపెనీ బొగ్గే. పాత బకెట్టుకు కింద కంత కోసి, నడుమ ఇనుప చువ్వలు దూర్చి, లోపల మట్టి మెత్తితే అది సిగిడి. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ ఒక సిగిడి పెట్టి, అడుగున పిడకలు, కట్టెపేళ్ళు, వాటిపైన బొగ్గు పేర్చి అంటించేవాళ్ళు. పచ్చటి పొగ లేచి, అది తెల్లబడి, చివరికి పొగ పోయి బొగ్గు ఎర్రబడితేనే సిగిడి ఇంట్లోకి వెళ్ళేది. అంతదాకా ఎదురుచూడడమే. ఆ ఎదురుచూపులో బాపు నాకు బైబిలు కథ చెప్పేవాడు. బొగ్గు అంటుకునేదాకా ఒక కథ, అదీ మా ఇంటి లెక్క. వానాకాలం బొగ్గు తడిసి ఉంటే కథ పొడుగయ్యేది, అందుకని నేను వానలు పడాలని ప్రార్థన చేసేదాన్ని, అవ్వేమో, అంటే మా అమ్మ, వంట ఆలస్యమవుతోందని మా ఇద్దర్నీ తిట్టేది.

నిప్పు ముందు కూర్చునేవాడికి నిప్పు కథలే గుర్తొస్తాయేమో, బాపు చెప్పినవన్నీ దాదాపు అవే. మోషేకు కనిపించిన పొద మండుతూనే ఉంటుందట, కానీ బూడిద కాదట. "గసొంటి బొగ్గు ఒక్క తట్టెడు దొరికితే కంపెనీ మూసుకొని పోవాలె" అని బాపు తనలో తాను నవ్వుకునేవాడు. ముగ్గురు కుర్రాళ్ళను రాజు అగ్నిగుండంలో తోయించిన కథ చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. "బాయిల ఎంతమంది దిగిన్రు, ఎంతమంది ఎక్కిన్రు అని లెక్క పెడ్తరు గదా బిడ్డా, గా రాజు గూడ లెక్క పెట్టిండు. తోసింది ముగ్గుర్ని, లోపల తిరుగుతున్నది నలుగురు. లెక్క ఎక్కువొచ్చుడు లోకంల గదొక్కసారే." మిగతా రోజుల్లో లెక్క ఎటు తప్పుతుందో బాపు చెప్పలేదు, బాయిల ఊరి పిల్లలకు అది చెప్పనక్కర లేదు. అబ్రాహాము కొడుకును బలివ్వడానికి కొండెక్కిన కథలో ఆయన ఒకచోట ఆగి వేలు చూపించేవాడు. "సూడు, కట్టెలు కొడుకు మీద పెట్టిండు గని అగ్గి తన చేతిలనే పట్టుకున్నడు. అగ్గి పిల్లల చేతికియ్యద్దు." కాసేపట్లో చంపబోయే కొడుకుకు వేలు కాలుతుందని భయపడే తండ్రి ఎలాంటివాడని అడగాల్సింది నేను. అడగలేదు, ఎందుకంటే బాపు చెప్పింది నాకు ఎప్పుడూ సరైనదిగానే తోచేది.

నేను ఒక్కదాన్నే పిల్లని. బాపుకు రాత్రి షిఫ్టు పడిన వారమంతా పగలు ఇంట్లో చప్పుడు చేయకూడదు, గిన్నె మోగినా అవ్వ కళ్ళెర్ర చేసేది. పక్కింటి పిల్లలు తొక్కుడుబిళ్ళకు పిలిచినా నాకు ఓడిపోవడం చేతకాక, గెలవడం అసలే చేతకాక, క్వార్టర్ వెనక సందులో నాలో నేను మాట్లాడుకుంటూ కచ్చకాయలు ఆడుకునేదాన్ని. నా తోడు బాపు కథల్లోని మనుషులే. ఆదివారం వచ్చిందంటే మాత్రం నా గర్వానికి పట్టపగ్గాలుండేవి కావు. మా రేకుల గుడిలో ప్రసంగానికి ముందు బైబిలు వాక్యం చదివేది బాపే. వారమంతా బొగ్గు నల్లగా దిగిన గోళ్ళను నిమ్మచెక్కతో రుద్దుకుని, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ఆయన లేచి నిలబడితే ఆడవాళ్ళు పిల్లల నోళ్ళు మూసేవాళ్ళు. క్రిస్మస్‌కు అవ్వ చేసే గరిజెలు, సకినాలు ఇంటింటికీ పంచుతుంటే అందరూ నన్ను పేరు పెట్టి కాదు, వాక్యం చదివే ఆయన బిడ్డ అనే పిలిచేవాళ్ళు.

ఇక నేను చేసిన పని. నాకు తొమ్మిదేళ్ళు. కర్మెలు కొండ మీద ఏలీయా పన్నెండు రాళ్ళతో బలిపీఠం కట్టి, కట్టెలు పేర్చి, దాని మీద మూడుసార్లు నీళ్ళు పోయించి ప్రార్థన చేస్తే ఆకాశం నుంచి అగ్ని దిగి నీళ్ళతో సహా నాకేసిన కథ బాపు ఆ వారమే చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం బాపు పాటల కూడికకు పోయాడు. నేను సందులో పన్నెండు రాళ్ళు పేర్చి, పేళ్ళు పెట్టి, చెంబుతో మూడుసార్లు నీళ్ళు పోసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. అగ్ని రాలేదు. గొంతు పెంచి చేశాను, రాలేదు. దేవుడికి కొంచెం సాయం చేస్తే తప్పేముందని ఇంట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి నాలుగు పుల్లలు గీశాను. తడి పేళ్ళు అంటుకుంటాయా! ఇంతలో "ఓ పొల్లా, యాడున్నవ్, చెంబేది?" అని అవ్వ కేక, ఆ వెనకే అడుగుల చప్పుడు. పక్కనే దండెం మీద బాపు డ్యూటీ నిక్కరు ఆరేసి ఉంది. అగ్గిపెట్టె దాని జేబులో దోపి, చెంబు పట్టుకుని ఎదురు పరిగెత్తాను. రాత్రి అన్నం తినేవేళకు ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. దేవుడు నా ప్రార్థన వినలేదన్న దిగులొక్కటే గుర్తుంది.

బాయి దిగే ముందు ప్రతి మనిషి జేబులూ తడిమి చూస్తారు. లోపల గాలిలో మండే వాయువు ఉంటుంది. ఒక్క అగ్గిపుల్ల గీస్తే షిఫ్టు షిఫ్టంతా పోతుంది. బీడీలు తాగేవాడు ఆ భయంతో ఇంటి దగ్గర ఒకసారి, బాయి మీద ఒకసారి తన జేబు తానే తడుముకుంటాడు. బాపు పుట్టి బీడీ ముట్టలేదు, ఆయనకు ఆ అలవాటు ఎక్కడిది? సోమవారం పొద్దున దండెం మీది నిక్కరు తీసి వేసుకుని మొదటి షిఫ్టుకు పోయాడు.

మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చేసరికి గుమ్మం ముందు బాపు చెప్పులున్నాయి. ఆ వేళకు అక్కడ ఉండకూడని చెప్పులవి. లోపల బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఒంటి మీద దెబ్బలేమీ లేవు. ఆయన జోడీ మల్లయ్య కాక, ఇద్దరూ కలిసే టబ్బులు నింపేవాళ్ళు, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎన్నడు మొదలువెట్టినవే బీడీలు? తాగితె తాగినవ్, లోపలికి తెస్తవా? నాకు నలుగురు పిల్లలున్నరు" అన్నాడు. బాపు నేల వైపు చూశాడు. నిన్న నేను దోపిన అగ్గిపెట్టె బాయి దగ్గర జేబులు తడిమేవాళ్ళకు దొరికిందని నాకు అప్పుడు అర్థమైంది. అన్నం ముట్టకుండా, నీళ్ళు తాగి బడికి పోయాను.

సాయంత్రం రాళ్ళు చెదరగొడదామని సందులోకి వెళ్తే అక్కడ ఏమీ లేదు. రాళ్ళు, పేళ్ళు, కాలిన పుల్లలు, అన్నీ ఎవరో తీసేసి శుభ్రంగా ఊడ్చారు. అవ్వే అనుకున్నాను. మర్నాడు పొద్దున బాపు సిగిడి అంటించాడు కానీ కథ మొదలుపెట్టలేదు. పొగ వైపు చూస్తూ, "బిడ్డా, నా జేబుల అగ్గిపెట్టె ఎవరు పెట్టిన్రో నీకేమన్న ఎర్కనా?" అన్నాడు. "నాకెర్కలే బాపు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, తలూపి, సిగిడిలో ఇంకో రెండు బొగ్గులు వేశాడు. ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు.

విచారణ పేరుతో నెలకు పైగా బాపును బాయి దిగనివ్వలేదు. ఆ కష్టం పోయింది, మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. పోనిది వేరే ఉంది. మల్లయ్య కాక జోడీ మార్చుకున్నాడు, ఎదురుపడితే సైకిలు అటు తిప్పేవాడు. గుడి పెద్దలు "కొన్నాళ్ళు ఆగు" అన్నారు, వాక్యం ఇంకొకరి చేతికి పోయింది, ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ తీరలేదు. బాపు వెనక చాప మీద, తలుపు పక్కన కూర్చునేవాడు. నేను ఒక్కమాట చెప్తే కంపెనీ వినకపోయినా మల్లయ్య కాక వినేవాడు, గుడి వినేది. రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. రోజు గడిచేకొద్దీ నోరు మరింత బరువెక్కింది. పిలిచే పిల్లలు కూడా పిలవడం మానేశారు, సందులో కచ్చకాయలు ఎగరేస్తే వాటి చప్పుడే నాకు భయంగా ఉండేది.

కథలు మళ్ళీ మొదలయ్యాయి. ఒక పొద్దున బాపు పేతురు కథ చెప్పాడు: ప్రభువును పట్టుకుపోయిన రాత్రి ముంగిట్లో నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్న పేతురు. నేను సగంలో లేచి ఇంట్లోకి పోయాను. ఇంకొన్నాళ్ళకు, నాకు ఆకలిగా ఉన్న ఒక ఆదివారం, గుడికి పోకుండా బాపు ఎర్రబడిన సిగిడి మీద ఎండుచేపలు కాల్చాడు. కాలుస్తూ మిగతా కథ చెప్పాడు. ప్రభువు సమాధిలోంచి లేచి వచ్చాక సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, పేతురును పిలిచాడట. "ఎందుకట్లన్నవురా అని అడగలే బిడ్డా. ముందుగాల తినుమన్నడు. తిన్నంక, నేనంటె నీకు ప్రేమ ఉన్నదా అని అడిగిండు." చేప ముల్లు తీసి నా చేతిలో పెట్టాడు. తిన్నాను. నాలుక కాలింది. బాపు నా వైపు చూశాడు, నేను సిగిడి వైపు చూశాను. బొగ్గు పూర్తిగా అంటుకుంది, అవ్వ వచ్చి సిగిడి లోపలికి తీసుకుపోయింది.

చదువు, ఉద్యోగం, పెళ్ళి, అన్నీ ఆ మాట నోట్లో పెట్టుకునే చేశాను. చివరికి కరీంనగర్ ఆస్పత్రిలో బాపు ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి నిండి ఆయాసపడుతుంటే, మంచం పట్టె పట్టుకుని చెప్పాను. "బాపు, అగ్గిపెట్టె నేనే పెట్టిన." ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎర్కనే. సందుల రాళ్ళు నేనే తీసిన" అన్నాడు.

"మరి నువ్వన్న ఎందుకు చెప్పకపోతివి?"

"తొమ్మిదేండ్ల పొల్ల మీద పెట్టి తప్పించుకున్నడందురు." మాటకు మాటకు నడుమ ఊపిరి వెతుక్కుంటూ, నా చేయి తడిమి, "గిన్నేండ్లు ఒక్కదానివే మోసినవా బిడ్డా? చెప్తె ఇద్దరం మోసేటోళ్ళం గదా" అన్నాడు. నేను ఏడ్చాను. ఆయన ఓదార్చాడు, అది ఇంకా తట్టుకోలేకపోయాను. వారానికి పోయాడు.

పోయిన నెల బాపు జ్ఞాపకార్థ కూడికకు ఊరికి వెళ్ళాను. మా బాయి మూసేశారు. మా క్వార్టర్ల వరుసలున్నచోట ఇప్పుడు పైనుంచే తవ్వేసిన ఓపెన్‌కాస్టు గుంత, దాని అడుగున లారీలు చీమలంత కనిపిస్తాయి. రేకుల గుడి పోయి కొత్త కాలనీలో పాలరాతి గుడి వచ్చింది. సాక్ష్యాలు చెప్పే సమయంలో జీవితంలో మొదటిసారి లేచి నిలబడ్డాను. రాళ్ళు, అగ్గిపెట్టె, నిక్కరు జేబు, నా అబద్ధం, అన్నీ చెప్పి, మా బాపు బీడీ తాగలేదని చెప్పాను. అందరూ మర్యాదగా ఆమెన్ అన్నారు. మల్లయ్య కాక ఎప్పుడో పోయాడట, ఆనాటి గుడి పెద్దల్లో ఎవరూ లేరు. భోజనాల దగ్గర ఒక చిన్నమ్మాయి నా పక్కన చేరి, "ఆంటీ, జేబుల అగ్గిపెట్టె ఉంటె ఏమైతది?" అని అడిగింది. బాయి గురించి, లోపలి గాలి గురించి చెప్పబోయాను, ఇంతలో వాళ్ళమ్మ పెరుగన్నానికి పిలిస్తే పరిగెత్తింది. విస్తరి ముందు కూర్చుని చుట్టూ ఒక్కొక్క మొహమే చూశాను. బాపు బీడీ తాగాడని ఆనాడు నమ్మినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.