వెర్లిన్ కట్టిన బరువు బండి

మట్టి ట్రాక్ మీద వెనక చక్రాలు జారుతుంటే, ఎడమకి తిరగాలన్నా స్టీరింగు కుడికి తిప్పాలి. ఆ చిత్రమైన విద్య వెర్లిన్ హాస్కాంప్‌కి మీసాలు రాకముందే ఒంటబట్టింది. మా అయోవా తిరునాళ్ల మైదానంలో నీళ్ల లారీ ట్రాకుని తడిపి వెళ్ళగానే అతను వంగి, చిటికెడు బంకమట్టి వేళ్ళ మధ్య నలిపి, ఏ టైరు వెయ్యాలో చెప్పేసేవాడు. మిగతావాళ్ళకి ఓడిపోయాక గాని తెలిసేది కాదు. ఇక చేతులంటారా, అబ్బో! పాత ఇనుప సామాను దిబ్బలోంచి గొట్టాలు ఏరి తెచ్చి, వంచి, అతికి, తన కొట్టంలోనే రేసు బండి నిలబెట్టేవాడు. వారమంతా కట్టడం, ఆదివారం తోలడం.

ఆ రోజుల్లో ఒక పిచ్చి ఉండేది. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని అందరూ గొట్టాలకి బెజ్జాలు వేసేవారు. తమ్ముడు ఓరిన్ పక్కన నిలబడి, "ఇంకో నాలుగు వెయ్యి అన్నయ్యా, బండి గాలిలో తేలాలి!" అన్నాడు. వెర్లిన్ వేశాడు, తలని కాచే కమ్మీలక్కూడా. ఆ ఎండాకాలమే ఓరిన్ తోలుతుండగా మూడో మలుపులో ఆ బండి బోర్లాపడింది. కమ్మీ సరిగ్గా బెజ్జం దగ్గరే విరిగింది. ఓరిన్ మరి లేవలేదు.

ఓరిన్ భార్య లవోన్ ఆనాటి నుంచి బావగారితో మాట్లాడలేదు. చర్చిలో అతని వెనక బల్ల మీదే కూర్చున్నా సరే, మాట లేదు. వెర్లిన్ ఆమెని ఏనాడూ తప్పుపట్టలేదు.

తర్వాత అతను కట్టిన బళ్ళన్నీ మందపాటి గొట్టాలవే. బరువెక్కువ, గెలుపు తక్కువ.

"ట్రాక్టరు బాగుంది పెద్దాయనా, నాగలేదీ?" అనేవాడు గేలెన్ అనే కుర్ర డ్రైవరు.

"పల్టీ కొట్టిన రోజున నన్ను తలుచుకుంటావులేరా!"

వెక్కిరించినవాళ్ళ పెళ్ళాలే మొగుళ్ళ చెవులు పట్టుకుని, అలాంటి బండే కట్టించుకోమని అతని కొట్టానికి లాక్కొచ్చేవారు.

ఒకనాడు ఓరిన్ కూతురు ట్వైలా వచ్చి గుమ్మంలో నిలబడింది. "పెదనాన్నా, నాకో బండి కట్టు."

"మీ అమ్మ నన్ను నరికేస్తుందే!"

"సరే, గేలెన్ తన పాత బండి అమ్ముతానన్నాడు. దానికి బెజ్జాలున్నాయి మరి."

వెర్లిన్ మందపాటి గొట్టాలు కిందికి దించాడు. ఆ చలికాలమంతా కట్టాడు. తలపై కమ్మీ అతికిన ప్రతిచోటా సుత్తితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. నచ్చకపోతే కోసేసి మళ్ళీ అతికాడు.

తిరునాళ్ల ఆఖరి పందెం. పొద్దు వాలుతోంది. లవోన్ పైమెట్ల మీద కూర్చుంది, చేతులు ఒళ్ళో బిగించుకుని. ట్వైలా రెండో స్థానంలో ఉంది. మూడో మలుపులో పక్కబండి చక్రం తగిలింది. అంతే! బండి గాలిలోకి లేచింది. పల్టీ మీద పల్టీ. మట్టి, పొగ, జనం కేకలు. ఎర్రజెండా ఊపి పందెం ఆపారు. వెర్లిన్ ట్రాక్ మీదికి పరుగెత్తాడు.

పొగలోంచి శిరస్త్రాణం బయటికొచ్చింది, దాని వెనకాలే తిట్లు. "ఏం చూస్తున్నావ్ పెదనాన్నా, రెంచీ పట్రా! ట్రాక్ శుభ్రం చేసేలోపు కడితే ఆఖరి వరసలోనైనా మళ్ళీ పందెంలో దూరొచ్చు!"

అక్కడి పద్ధతి అది. బండి విరిగినవాడికి పోటీదారే సామాను ఇవ్వాలి. గేలెన్ తన పందెం వదులుకుని, తన బండి ముందరి ఇరుసు ఊడదీసి మోసుకొచ్చాడు. "వెధవ ట్రాక్టరు," అన్నాడు ఇరుసు కింద దించుతూ. "నాకూ ఒకటి కట్టు పెద్దాయనా."

అప్పుడే జనం దారిచ్చారు. లవోన్ మెట్లు దిగి వచ్చింది. కూతుర్ని తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసింది. తర్వాత బండిలోకి వంగి, తలపై కమ్మీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో రాసింది. గీతలు పడ్డాయి, రంగు పోయింది. వంగలేదు. ఎక్కడా పిసరైనా వంగలేదు. వెర్లిన్ తల దించుకుని, ఏ తిట్టు వచ్చినా పడదామని సిద్ధంగా ఉన్నాడు.

"బావగారూ," అంది లవోన్. "మీరు ఇరుసు బిగించండి. పిల్లకి సీటు బెల్టులు నేను బిగిస్తాను."