యలమంద గారి తాలు కుప్ప

మా యలమంద గారు ఏదీ పారేయరు. ఆయన గురించి మొదట చెప్పాల్సింది ఇదే. ఓపిక లేనివాళ్లు ఇక్కడితో చదవటం ఆపేసినా ఆయన్ని సగం తెలుసుకున్నట్టే. టీ తాగిన కాగితం కప్పు పారేయరు, అందులో గుండుసూదులు వేస్తారు. సూదులు వంగిపోతే పారేయరు, వాటికి ఇంకో కాగితం కప్పు పెడతారు. ఆయన బల్ల కింద పాడైపోయిన కీబోర్డులు పదకొండున్నాయి. కాళ్లకి అడ్డం పడి ఒకసారి అడిగేశాను.

"ఇవెందుకండీ ఇక్కడ?"

"దీంట్లో ఎస్ ఒక్కటే పోయిందండీ. మిగతా ఇరవై అయిదూ బ్రహ్మాండంగా పని చేస్తున్నాయి."

"ఎస్ లేకుండా ఏం రాస్తారండీ?"

"ఎస్ లేని మాటలు బోలెడున్నాయిగా" అన్నారాయన, నేనేదో తెలియక అడిగానన్నట్టు.

గుంటూరులో ఒక పురుగుమందుల కొట్టు మీద రెండు గదులు మా ఆఫీసు. కింద వాళ్లు పురుగుల్ని చంపుతారు, పైన మేం వీడియోగేమ్‌లు తయారుచేస్తాం. రైతులు పొరపాటున మెట్లెక్కి వచ్చి మిరపలో తామరపురుగుకి ఏం కొట్టమంటారని అడుగుతుంటారు. యలమంద గారు రాస్తున్న ప్రోగ్రాం ఆపి, ఏం కొట్టాలో, ఎన్ని నీళ్లు కలపాలో చెప్పి పంపిస్తారు. నేను గడువులు చూస్తాను, గేమ్ సైజు చూస్తాను. అంటే నా పని అందరి మీదా అరవటం. ముఖ్యంగా యలమంద గారి మీద.

ఆయనది ప్రత్తిపాడు దగ్గర మిరప పండించే కుటుంబం. చిన్నప్పుడు కల్లంలో వాళ్లమ్మ బసవమ్మ గారి పక్కన కూర్చుని ఎండిన కాయలు ఏరేవారట. ఎర్రగా నిగనిగలాడేవి ఒక కుప్ప. రంగు పోయి తెల్లబడ్డవి, మచ్చ పడ్డవి ఇంకో కుప్ప. ఆ రెండోది తాలు. తాలుని ఎవరూ పారేయరు, పక్కన పోస్తారు. మిర్చి యార్డులో దానికీ కొనేవాడుంటాడు. ఈ ఒక్క ముక్క ఆయన బుర్రలో ఎంత లోతుకి దిగిందంటే, యాభై ఏళ్లు దగ్గరపడి కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆయన చెయ్యి ఇంకా కాయలు ఏరుతూనే ఉంది.

"మంచి కాయ ఎవరైనా కొంటారండీ. తాలు కూడా ఆ చెట్టుకి కాసిందేగా" అంటారు. ఆ మాట రోజుకి ఒకసారైనా వినకుండా నేను ఇంటికి వెళ్లింది లేదు.

మూడేళ్ల కిందట మాకు పెద్ద పని దొరికింది. టీవీలో పిల్లలు చూసే గవర్రాజు అనే గండుపిల్లి కార్టూన్ ఉంది. దాన్ని ఫోన్లో ఆడే గేమ్‌గా చెయ్యాలి, పిల్లి ఒక్కో డాబా దాటుకుంటూ దూకుతూ పోవాలి. ఆ కార్టూన్ హక్కులు బెంగళూరులో ఒక కంపెనీవి. వాళ్ల తరఫున మా పని చూసేది రామకాంత్ గారు. మేం ఏం పంపినా ప్రతి సోమవారం ఆయన దగ్గర నుంచి ఒకటే జవాబు వచ్చేది: తీసేయండి.

మొదటి దెబ్బ నాకే తగిలింది. నేను అప్పుడు బొమ్మలు వేసేదాన్ని. చేరిన మొదటి వారంలో గవర్రాజుని ఏడిపించే ఒక కాకిని వేసి పంపాను. 'ఇది కాకా, మాడిపోయిన కోడా? తీసేయండి' అని రాశారు. కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసి, ఓనరు దగ్గరికి వెళ్లి ఇక బొమ్మలు వెయ్యను, గడువులు చూస్తానన్నాను. ఆ రోజు నుంచీ నా గుండె రాయైపోయింది. గడువులు చూసేవాళ్లకి అది మంచిదే.

తరవాత నా బదులు బొమ్మలు వేసిన చీరాల అస్లాం వంతు. మూడు వారాలు కూర్చుని ఒక మగ్గం వేశాడు. గవర్రాజు దాని మీదకి దూకితే దారాలన్నీ చుట్టుకుపోతాయి. ఆట నెమ్మదిస్తోందని అదీ తీసేయమన్నారు. అస్లాం మొహం మాడ్చుకుని విజయవాడలో వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

ఆ తరవాత సుబ్బరావమ్మ గారు. పెదకాకానిలో ఉంటారు, రిటైరైన తెలుగు టీచరు. ఆటలో పాలు తాగే పిల్లిని తిట్టే బామ్మ గొంతు ఆవిడది. మే నెలలో, చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపి, ఆవిడ నెత్తిన దుప్పటి కప్పి నలభై మూడు డైలాగులు చెప్పించాం. మధ్యలో దుప్పటి తీసి, "ఏమ్మా, పిల్లిని తిట్టమంటున్నారా, నన్ను ఉడకేస్తున్నారా?" అని అడిగారావిడ. సోమవారం జవాబు వచ్చింది. ఆవిడ తిడుతుంటే రామకాంత్ గారికే భయమేసిందట.

"బామ్మని తీసేశారా యలమంద గారూ?"

"పక్కన పోశానండీ."

"పక్కన పొయ్యటం కాదండీ. తీసేశారా?"

"ఆటలో ఎక్కడా కనపడదండీ" అన్నారు, కళ్లు స్క్రీను మీద నుంచి తిప్పకుండా.

ఇక్కడ నా బాధ చెప్పాలి. గేమ్ నూట యాభై ఎంబీ దాటకూడదని కంపెనీ షరతు. వారం వారం ఏదో ఒకటి తీసేస్తూనే ఉన్నాం, గేమ్ మాత్రం లావెక్కుతూనే ఉంది. ఉపవాసాలుంటూ బరువు పెరుగుతున్న మనిషిని చూస్తే ఏమనుకుంటాం? చాటుగా ఏదో తింటున్నాడనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను, దొరకలేదు. చివరి వారంలో నూట అరవై దగ్గర ఆగింది. ఉద్యోగాలు ఊడతాయని అందరి మీదా గట్టిగా అరిచాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి నూట నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. యలమంద గారు నాలుగో డాబా మీద కురిసే వానని తీసేశారు. మూడు నెలలు రాసుకున్న వాన అది. రేకుల మీద ఒక చప్పుడు, మట్టి మీద ఒక చప్పుడు, పిల్లి మీద పడితే ఇంకో చప్పుడు. నేను సైజు చూసి సంతోషించి ఓనరుకి ఫోన్ చేశాను. వాన గురించి ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు.

గేమ్ బయటికొచ్చింది, పిల్లలు ఎగబడి ఆడారు. రెండు వారాలకి సుబ్బరావమ్మ గారు డబ్బాడు సున్నుండలతో, ఇద్దరు పక్కింటి ఆడవాళ్లతో ఆఫీసుకి వచ్చారు. తన గొంతు వినిపిస్తానని తీసుకొచ్చారట. గొంతు పీకేశామని చెప్పే ధైర్యం లేక నేను బాల్కనీలోకి వెళ్లి ఫోన్ చెవిలో పెట్టుకుని, అవతల ఎవరూ లేకుండా ఇరవై నిమిషాలు మాట్లాడాను. లోపల యలమంద గారు ఆవిడ ఫోన్ తీసుకుని ఏదో చూపిస్తున్నారు. ముగ్గురూ పడీపడీ నవ్వుతున్నారు. వెళ్తూ ఆవిడ నా చేతిలో రెండు సున్నుండలు పెట్టి, "గొంతు శుభ్రంగా వచ్చిందమ్మా" అన్నారు. పాత రికార్డింగేదో వినిపించి మాయ చేశారనుకుని నేను సున్నుండలు తినేశాను.

నెల తిరిగేసరికి అసలు గొడవ వచ్చింది. గేమ్‌ల పొట్ట కోసి, తయారుచేసినవాళ్లు లోపల మర్చిపోయినవన్నీ జాబితా రాసి నెట్‌లో పెట్టే సరదా మనుషులు కొందరుంటారు. వాళ్లలో ఒకడు గవర్రాజు పొట్ట కోశాడు. రామకాంత్ గారు ఆ జాబితా నాకు పంపి వెంటనే ఫోన్ చేశారు.

"చదవండి, వేదశ్రీ గారూ. బయటికి చదవండి."

చదివాను. ఆటలో ఎక్కడా వాడని ఒక గది. ముసలావిడ తిట్లు నలభై నాలుగు. చేనేత మగ్గం ఒకటి. నల్లకోడి ఒకటి. ఒక రేడియో, అందులో మగ గొంతు పాడుతోంది, ఆ మనిషి ఏదో బాధలో ఉన్నట్టున్నాడు. ఇవన్నీ ఎందుకు ఉంచారో తెలియదు.

"మాకు చెప్పకుండా మా గేమ్‌లో గది కట్టారు" అన్నారు రామకాంత్ గారు. "శుక్రవారంలోగా ఆ గది తీసేయండి. కట్టిన మనిషిని కూడా తీసేయండి. లేదంటే రెండో గేమ్ మీకు రాదు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి యలమంద గారు గోతాం తెచ్చుకుని కీబోర్డులు సర్దుతున్నారు. ఆయనకి ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్లలేం లేరుగానీ, వాళ్లావిడ మోకాళ్ల ఆపరేషన్ ఉంది, ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం చేస్తున్నారండీ?"

"నన్ను తీసేయండమ్మా, పర్లేదు. గది మాత్రం ఉంచండి."

"గది తీసేసి మిమ్మల్ని ఉంచమని నేను బతిమాలుకుందామనుకుంటుంటే, మీరేంటండీ?"

"అందులో మనుషులున్నారండీ" అన్నారు.

ఆయనకి పిచ్చి ముదిరిందని తేల్చుకున్నాను. ఆయన్ని అడక్కుండా నేనే గది చెరిపేసి, ఉద్యోగం నిలబెడదామనుకున్నాను. చెరిపేముందు లోపల ఏమేం ఉన్నాయో చూడాలిగా. దారి చెప్పమన్నాను. చాలాసేపు నసిగి చెప్పారు. మూడో డాబా మీద నీళ్లట్యాంకు పక్కన ఒక గోనెపట్టా ఉంటుంది. గవర్రాజుని దాని మీద పడుకోబెట్టి నిమిషం సేపు ఏమీ చెయ్యకుండా ఉంటే గది తలుపు తెరుచుకుంటుంది. గేమ్ ఆడే పిల్లలు నిమిషం పాటు వేలు కదపకుండా ఉండరు కాబట్టి ఆ తలుపు ఎవరికీ దొరకలేదు.

తలుపు తెరుచుకుంది. లోపల ఎండ కాస్తున్న కల్లం, నేల మీద పరిచిన పరదా మీద మిరపకాయలు. బామ్మ కూర్చుని కాయలు ఏరుతోంది. గవర్రాజు దగ్గరికి వెళ్లగానే, "ఏమ్మా, పిల్లిని తిట్టమంటున్నారా, నన్ను ఉడకేస్తున్నారా?" అంది. జాబితాలో నలభై నాలుగో తిట్టు ఇదే. ఆవిడ పక్కన చిన్న పలక: సుబ్బరావమ్మ గారు, పెదకాకాని. అటు పక్కన మగ్గం ఆడుతోంది, దాని మీదా పలక ఉంది: అస్లాం, చీరాల. అస్లాం ఎప్పుడు ఫోన్ చేసినా నవ్వుతూ మాట్లాడటం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

నల్లకోడి కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. కోడి తీగ మీదెందుకుంటుంది? ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాను. రెక్క మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సన్నటి గీతలు. నాలుగు ముక్కలు అతికించిన గీతలు అవి. ముట్టుకోగానే కావ్ మంది, అదీ యలమంద గారి గొంతుతో. కింద పలక: వేదశ్రీ గారి కాకి, మొదటి వారం.

నాకు కన్నీళ్లొచ్చాయి. నవ్వు కూడా వచ్చింది, ఎందుకంటే అది నిజంగానే కోడిలా ఉంది. రామకాంత్ గారిని ఆ ఒక్క విషయంలో క్షమించేశాను.

గదంతా రెండు సార్లు తిరిగాను, నాలుగో డాబా వాన ఎక్కడా లేదు.

"మీ వాన ఏదండీ?"

"దానికి చోటు చాల్లేదండీ" అన్నారు యలమంద గారు, గోతాం మూతి కడుతూ. "అందరివీ పట్టాలిగా."

అంటే పుట్టి బుద్ధెరిగి ఈయన పారేసింది ఒకే ఒక్కటి, అది తనది. ఇంక ఆయన్ని తిట్టలేను. కోపమంతా రామకాంత్ గారి మీదకి మళ్లించుకుని, జాబితాలో చూడకుండా మిగిలిన ఆ మూలనున్న రేడియో ముట్టుకున్నాను. పాట మొదలైంది. బాధలో ఉన్న ఆ మగ గొంతు నేను ఫోన్లో విన్నదే. మూడేళ్ల కిందట గవర్రాజు టైటిల్ పాట తనే పాడి పంపారు రామకాంత్ గారు. వాళ్ల పైవాళ్లు విని నవ్వితే, దాన్నీ తీసేయమని ఆయనే రాశారు. రేడియో కింద పలక: రామకాంత్ గారు, బెంగళూరు.

ఫోన్ చేశాను. "సార్, గది శుక్రవారం తీసేస్తాం. తీసేముందు మీరొకసారి లోపలికి వెళ్లి చూడండి. మూడో డాబా, గోనెపట్టా, ఒక్క నిమిషం."

"నాకంత తీరిక లేదు."

"రేడియో మీద మీ పేరుంది సార్."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినపడ్డాయి. తరవాత మెల్లిగా, "ఏ డాబా అన్నారు?" అని అడిగారు.

గురువారం మెయిల్ వచ్చింది. గది జోలికి వెళ్లవద్దు, కట్టిన మనిషిని కూడా కదపవద్దు, అని మొదటి వాక్యం. రేడియో సౌండు కొంచెం పెంచగలరా, మా అమ్మకి సరిగా వినపడటం లేదు, అని రెండో వాక్యం. పెంచుతాం సార్, కాకపోతే సైజు ఒక పది ఎంబీ పెరుగుతుంది, అని రాశాను. పెరగనివ్వండి, అని జవాబు. మూడేళ్లలో ఆయన దగ్గర నుంచి తీసేయండి కాకుండా ఇంకో మాట రావటం అదే మొదలు.

సౌండు పెంచటానికి పది ఎంబీ ఎందుకని ఆయన అడగలేదు. నా సొరుగులో ఒక పాత పెన్‌డ్రైవ్ ఉంది. ఎప్పుడో గేమ్ చూపించటానికి వాడింది, పారేద్దాం పారేద్దాం అనుకుంటూ ఏడాదిగా పారెయ్యలేదు. ఈ జబ్బు అంటుకునేదే అనుకుంటా. అందులో నాలుగో డాబా వాన చుక్క పోకుండా ఉంది. యలమంద గారికి చెప్పకుండా తీసుకెళ్లి ఆ గదిలో పెట్టించి, ఒక పలక కూడా తగిలించాను: యలమంద గారి వాన, ప్రత్తిపాడు.

సోమవారం ఆయన్ని పిలిచి, ఫోన్ చేతికిచ్చి, గోనెపట్టా మీద నిమిషం ఆగమన్నాను. తలుపు తెరుచుకుంది. రేడియోలో రామకాంత్ గారు గట్టిగా బాధపడుతున్నారు. పైన మబ్బు పట్టి వాన మొదలైంది. మట్టి మీద ఒక చప్పుడు, పిల్లి మీద ఇంకో చప్పుడు. యలమంద గారు ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. కళ్లు తుడుచుకుంటారేమోనని నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

"ఏంటమ్మా ఇది?" అన్నారు కంగారుగా. "కల్లంలో కాయ ఆరబోసి ఉంటే వాన కురిపిస్తారా ఎవరైనా? కాయంతా తడిసిపోదూ?"

తరవాత రెండు రోజులు ఆయన ఇంకో పని ముట్టుకోలేదు. తలొంచుకుని కూర్చుని, వాన పడగానే బామ్మ లేచి కాయల మీద టార్పాలిన్ కప్పేటట్టు ప్రోగ్రాం రాశారు. మంచి కాయల కుప్ప మీద కప్పటానికి ఒక టార్పాలిన్. తాలు కుప్ప మీద కప్పటానికి రెండు.