వెనక్కి తిరిగిన ఇత్తడి ఇంజను

నరసరావుపేటలో మా ఇంటి వెనక గదిలో ఒకప్పుడు మిరపకాయ టిక్కీలు, అంటే గోనె బస్తాలు, నిల్వ ఉంచేవాళ్ళం. పొలం కౌలుకిచ్చాక గది ఖాళీ అయింది. రెండు వేల రెండో, మూడో సంవత్సరం. అప్పటికి నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. మూతబడ్డ ఒక వర్క్‌షాపు నుంచి లోహపు కడ్డీలని తిప్పుతూ చెక్కే చిన్న లేతు మిషను కొని ఆ గదిలో పెట్టాను. మోటారు వేయగానే ఏ మూలనుంచో మిరప ఘాటు లేచేది. తుమ్ముతూనే పని మొదలుపెట్టేవాణ్ణి.

అరచేతిలో పట్టే ఆవిరి ఇంజను చేయాలని నా కోరిక. క్లాసులో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణే గానీ, అది నిజంగా తిరగాలంటే ఏం కావాలో నాకు తెలియదు. ఇత్తడి కడ్డీ బిగించి సిలిండరు తొలిచాను. పిస్టన్ అందులో సరిగ్గా జారాలి. మొదటిది దిగనే లేదు. ఇంకొంచెం అరగదీస్తే వదులై గలగలమంది. రెండోదాన్ని కాస్త బిగువుగా ఉంచి, ఇత్తడి సామాను తోమే పేస్టుతో రుద్దుతూ సరిచేశాను. సిలిండరు ఒక కొసను వేలితో మూసి పిస్టన్‌ని లాగి వదిలితే, అదంతట అదే లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆవిడని పిలిచి చూపించాను.

"లోపల స్ప్రింగు పెట్టారా?"

"ఏం పెట్టలా. బయట గాలి తోస్తోంది."

నమ్మకం కుదిరేదాకా తనే లాగి వదిలి చూసింది.

సిలిండరు, పిస్టన్, చక్రం అన్నీ బిగించాక, ఆవిరికి బదులు సైకిలు పంపుతో గాలి కొట్టమని ఆవిడకి చెప్పాను. సిలిండరు అటూ ఇటూ ఊగుతుంటే, దాని వెనక పలకకున్న ఒక బెజ్జంలోంచి గాలి లోపలికి వచ్చి, రెండో బెజ్జంలోంచి బయటికి పోవాలి. చక్రం సగం తిరిగి ఆగింది. ఆవిడ వెళ్ళి కుట్టుమిషను నూనె తెచ్చి రెండు చుక్కలు వేసింది. ఈసారి టకటకమని తిరిగింది.

మా కేకలు విని అమ్మ వచ్చింది.

"ఇది ఏం పని చేస్తదిరా?"

"ఏం చెయ్యదమ్మా. తిరుగుద్ది, అంతే."

"అయితే తిప్పు, చూస్తా" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

మా ఆవిడ మాత్రం పంపు గొట్టం ఊడదీసి బెజ్జాలనే చూస్తోంది.

"ఏవండీ, గాలి బయటికి పోయే దాంట్లోంచి కొడితే ఏమవుద్ది?"

"ఆగిపోద్ది" అన్నాను.

గొట్టం మార్చి కొట్టింది. ఇంజను ఆగలేదు. అంతే వేగంగా వెనక్కి తిరిగింది! అమ్మ చప్పట్లు కొట్టింది. కాగితం మీద సిలిండరు ఊగే తీరు గీసుకుని, ఎందుకలా తిరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. గాలి వచ్చే దారి మారితే, సిలిండరు రెండో వైపు వాలినప్పుడు తోపు అందుతోంది.

గొట్టం మార్చే పని లేకుండా, గాలి దారి మార్చే చిన్న కుళాయి ఒకటి చేద్దామన్నాను.

"ఈసారి లేతు నేను తిప్పుతా" అంది ఆవిడ, దాని పిడి పట్టుకుంటూ. పైట బిగించి, జడ ముడేసుకుని నిలబడింది. నేను పక్కనుంచి మెల్లగా, మెల్లగా అంటుంటే, మొదటి ఇత్తడి రజను మెరుస్తూ ఆమె వేళ్ళ మీద రాలింది.