జెంట్స్ టైలర్ పెద్దత్త

పెద్దత్త పోయిందని అత్త ఫోన్ చేసినప్పుడు నేను కోడంబాక్కం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. "కాఫీ కలిపి లేపినామ్మా. లేవలేదు. ఒళ్ళు చల్లగా ఉండాది" అంది అత్త. ఏడవలేదు. పాలు విరిగిపోయాయని చెప్పినంత మెల్లగా చెప్పింది. వస్తున్నానని ఫోన్ పెట్టేశాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. ఆమె ఒంటికి పూసుకునే ఆ హార్మోను జెల్లు వల్లేనా అన్న ఆలోచన వచ్చింది. ఆ వెంటనే, డాక్టరు దగ్గరికి మొదటిసారి తీసుకెళ్ళింది నేనే కదా అనిపించింది. ఆ వెనకే, పొద్దున నేను వేసుకున్న మాత్ర ఈపాటికి ఒంట్లో ఎక్కడిదాకా పోయి ఉంటుందో అని గుబులు పుట్టింది. ఇదంతా అర నిమిషంలో జరిగింది. నా పిరికితనం ఎంతటిదో తెలిస్తే తప్ప ఆమె నాకు ఎవరయిందో మీకు అర్థం కాదు. అందుకే ముందుగా చెప్పేస్తున్నాను.

మద్రాసు చూలై పేటలో మా ఇంటికి రెండిళ్ళ అవతల వాళ్ళది. కింద షాపు, పైన ఇల్లు. బోర్డు మీద 'జెంట్స్ టైలర్' అని తమిళంలో పెద్దగా, తెలుగులో చిన్నగా రాసి ఉంటుంది. నా స్కూలు నిక్కర్ల దగ్గర్నుంచి కాలేజీ ప్యాంట్ల దాకా అన్నీ అక్కడ కుట్టించినవే. ఆ టైలర్ని మామ అనీ, ఆయన భార్యను అత్త అనీ పిలుస్తూ పెరిగాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మామే యాభై తొమ్మిదో ఏట నాకు పెద్దత్త అయింది. అరవై రెండో ఏట పోయింది. పుట్టినప్పుడు నన్నూ మగపిల్లాడనే రాసుకున్నారు. ఇరవై నాలుగో ఏట నేను హార్మోన్లు మొదలుపెట్టాను. మా వీధిలో ఆ పని ముందు చేసింది నేను, ధైర్యంగా చేసింది ఆమె. మొన్నమొన్నటి దాకా అలాగే అనుకున్నాను.

మొదలుపెట్టిన ఎనిమిది నెలలకు నా చొక్కాలు ఛాతీ దగ్గర బిగుతయ్యాయి. అప్పటికి మా అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసే ఆఫీసులో వదులు జాకెట్ వేసుకుని కూర్చునేదాన్ని, మద్రాసు ఎండలో. వేరే దారి లేక రెండు చొక్కాలు పట్టుకుని మామ దగ్గరికి వెళ్ళి వదులు చేయమన్నాను. ఆయన టేపు తీసుకుని నా ఛాతీ చుట్టూ వేశాడు. వేసిన చెయ్యి ఆగిపోయింది. నా కొలతలు ఆయనకు నోటికొచ్చు. ఒళ్ళొచ్చిందా అనలేదు. "రేపు మధ్యానం దా. షట్టర్ సగం దించి ఉంటా" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి అంతా ఒకటే ఆలోచన. అత్తకు చెబుతాడా, వీధిలో చెబుతాడా అని. మర్నాడు సగం షట్టర్ కిందనుంచి వంగి లోపలికి వెళ్ళాను. ఆయన బల్ల మీద బట్ట పరుచుకుని సుద్దతో గీతలు గీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అది ఏ వయసు దాకా ఇస్తారు?" అన్నాడు.

"ఏది మామా?"

"నువ్వు తింటా ఉండావే, అది."

"తెలీదు. ఎవరికి?"

సుద్ద గీత ఇంకో జానెడు సాగింది. "నాకే" అన్నాడు.

నలభై ఏళ్ళుగా ఊళ్ళో మగవాళ్ళ నడుముల చుట్టూ టేపు తిప్పిన మనిషి. బీడీ వాసన, తెల్ల పంచె, చెవి మీద పెన్సిలు. ఆయన నోటినుంచి పధ్నాలుగో ఏటి కథ ఒకటి, పెళ్ళినాటి కథ ఒకటి వచ్చాయి. అవి ఆమె సొంతం, ఇక్కడ రాయను. చివర్లో మాత్రం, "నిన్ను చూసినాక ఆగలేకపోతా ఉండా మే" అంది. 'రా' అని కాదు, 'మే' అని. ఆడపిల్లల్ని పిలిచే ఆ చిన్న మాట నన్ను అంతవరకు ఎవరూ అనలేదు. మా అమ్మ కూడా. ఆరోజు నేను ఏడ్చాను.

ఆ తర్వాతి వారం ఆస్పత్రికి తీసుకెళ్ళాను. వరుసలో మా పక్కన నలభై దాటిన ఒకామె ఉంది, ఇంకా మొదలుపెట్టలేదట. ఇంటినుంచి మగవాడిలా తయారై వచ్చి, ఆస్పత్రి బాత్రూములో చీర కట్టుకుని బయటికొచ్చింది. పెద్దత్త ఆమె జాకెట్ భుజం వైపు చూసి, "కుట్టు బాగలేదు" అని నా చెవిలో చెప్పింది. డాక్టరమ్మ రక్తపోటు చూసి, గుండెకు పరీక్షలు రాసి, మూడు నెలలు బీడీ మానేసి రమ్మంది. ఈ వయసులో మార్పు నిదానంగా వస్తుంది, రక్తం గడ్డకట్టే భయం పిల్లల కన్నా ఎక్కువ, అందుకే మాత్రలు వద్దు, చర్మానికి పూసుకునే జెల్లు ఇస్తాను, అదీ కొంచెం కొంచెంగా అంది. ఇప్పుడెందుకు అని కూడా అడిగింది.

"ఊళ్ళో మగోళ్ళ కొలతలన్నీ తీసినా డాక్టరమ్మా. నాది ఒకటి మిగిలిపోయింది" అంది పెద్దత్త.

డాక్టరమ్మ రాయడం ఆపి ఆమె వైపు చూసింది. బీడీ కట్ట ఆరోజే ఆస్పత్రి గేటు దగ్గర చెత్త డబ్బాలో పడింది. మళ్ళీ ముట్టలేదు.

ఇక అత్త సంగతి. ఈ మాట విన్నాక అత్త రాయపురంలో అక్క ఇంటికి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులు రాలేదు. ఆ పన్నెండు రోజులూ నేను వాళ్ళ మెట్ల వైపు చూడ్డానికే భయపడ్డాను, ఒక కాపురం కూల్చానని. పదమూడో రోజు సంచితో దిగింది. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారని అరిచింది. అంతే, అంతకు మించి పంచాయతీ ఏమీ జరగలేదు. పిలుపు ఒక్కటే చిక్కయి కూర్చుంది. మామా అంటే ఆమె పలకదు. నాకు వేరే మాట దొరకదు. అత్తే తేల్చింది. "నేను అత్త. నాకన్నా రెండేండ్లు పెద్దది. పెద్దత్త అను, సెరిపోయె." మరి నువ్వేమని పిలుస్తావు అని అడిగాను. "ఏమండీ అంటా. ముప్పై ఏండ్లుగా అదే కదా అనింది. అండీ అనేదానికి ఆడా మగా ఏముండాది?" అంది. అలాగే పిలిచింది, చివరిదాకా.

పెద్దత్త నాకు మొదటి చీర జాకెట్ కుట్టి ఇచ్చిన రోజు మా ఇంట్లో అమ్మ కూడా నవ్వింది. హుక్కులు ఉండాల్సిన పక్క కాజాలు, కాజాలు ఉండాల్సిన పక్క హుక్కులు. చొక్కాలకు అలవాటుపడిన చెయ్యి హుక్కులను చొక్కా గుండీల వైపే కుట్టేసింది. విప్పి మళ్ళీ కుడతానంటే నేనే వద్దన్నాను. లోపల రెండు వేళ్ళ బట్ట అదనంగా మడిచి ఉంది. "డాక్టరు ఎంత ఇస్తదో తెలీదు కదా. పెరిగితే విప్పుకో, పెరక్కపోతే ఉండనీ" అంది. తన జాకెట్లకూ అంతే బట్ట లోపల మడిచి పెట్టుకుంది. అవి విప్పాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

అది ఆమెకు బాధే. నాలో ఆరు నెలల్లో వచ్చినవి ఆమెలో రెండేళ్ళకు సగం రాలేదు. చర్మం మెత్తబడింది, టీవీ చూస్తూ ఏడుపొస్తోందని చెప్పేది, మిషన్ బల్ల అంచు రొమ్ముకు తగిలితే ప్రాణం పోయినట్టుంటుందని సంతోషంగా చెప్పేది. కానీ గడ్డం పోలేదు, నెత్తిన రాలిన జుట్టు తిరిగి రాలేదు. ఒకసారి నా జడను చేతిలోకి తీసుకుని, "నీ మీద నాకు కుళ్ళు మే. సుమ్మా చెప్పలేదు, నిజంగానే" అంది. నాకూ ఆమె మీద కుళ్ళేనని చెప్పాను. నాకు ఇరవై నాలుగేళ్ళ వయసు దొరికింది, ఆమెకు అత్త దొరికింది. తర్వాత ఆమె, "పాత బట్టకి కత్తెర మెల్లిగా పెట్టాల. పెడితే అదీ తెగతాది" అని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

నా భయాలన్నీ ఆ మిషన్ దగ్గరే దిగబెట్టేదాన్ని. పిక్క నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమోనని పరుగెత్తేదాన్ని. ఆమె బొటనవేలితో నొక్కి, "వాపు లేదు, వేడి లేదు. రెండు స్టాపులు ముందే దిగి నడిచుంటావు. అయినా రేపు డాక్టరుకి చూపిద్దాం, పోదాం పద" అనేది. కాలేయం పరీక్ష కాగితం వస్తే నేను విప్పలేక ఆమె చేతికిచ్చేదాన్ని. ఆమెకు ఇంగ్లిష్ రాదు. ఏ అంకె పక్కనైనా నల్లటి గుర్తు ఉందో లేదో మాత్రం చూసి, "లేదు, మడిచి పెట్టుకో" అనేది. మరి మీకు భయం వెయ్యదా అని అడిగాను చాలాసార్లు. నవ్వేసేది. ఆ నవ్వు చూసి ఈమెకు భయమనేది తెలియదనుకున్నాను.

ఆమె పోయిన అయిదో రోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. గుండెపోటు అనే అనుకుంటున్నాం అంది. ముప్పై ఏళ్ళ బీడీ, తండ్రికీ అదే జబ్బు, రక్తపోటు, వయసు. అన్నీ విని, "జెల్లు వల్ల కాదు కదా?" అన్నాను. ఆమె అబద్ధం చెప్పలేదు. "కాదని ఒట్టేసి చెప్పలేను. అవునని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏ ఆధారమూ లేదు" అంది. అప్పటికి నేను అయిదు రోజులుగా మాత్రలు వేసుకోవడం లేదని చెప్పాను. పరీక్షలు బాగున్నాయి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు, కానీ భయంతో నీ అంతట నువ్వు ఆపడాలు, వేసుకోవడాలు చేయకు అంది. తలాడించి వచ్చేశాను. మళ్ళీ వేసుకోలేదు. ఇంట్లో అమ్మ, "మానెయ్ నాయనా. ఎట్ట ఉన్నా పర్లేదు, ఉంటే చాలు నాకు" అంది. మూడేళ్ళ తర్వాత మళ్ళీ నాయనా అంది. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

పదో రోజు. ఈ రోజు గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను. ఉదయాన్నే పెద్దత్త చెల్లెలు గూడూరు నుంచి ఇద్దరు ముత్తయిదువల్ని వెంటబెట్టుకుని వచ్చింది, అత్త గాజులు తీయించడానికి. పీట వేశారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది.

"ఈడికెందుకు వచ్చినావు? మా అన్నకి ఆ పాడు మందు నేర్పించి పొట్టన పెట్టుకుంటివి కదా" అంది.

పదిరోజులుగా నా లోపల తిరుగుతున్న మాటే అది. ఇప్పుడు బయటినుంచి విన్నాను. అత్త ఏమంటుందోనని ఆమె ముఖం చూశాను. అత్త ఆ మాటను కాదనకపోతే చాలు, నేను ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేను.

అత్త పీట మీద కూర్చోలేదు. దాన్ని కాలితో గోడవైపు జరిపింది.

"మీ అన్న పోయి మూడేండ్లయింది" అంది ఆడబిడ్డతో. "ఆ పన్నెండు రోజులు రాయపురంలో నేనొక్కదాన్నే ఏడ్చినా. మీరెవరూ రాలేదు. గాజులు తీసేదుంటే ఆ పొద్దే తీసి ఉండాల. ఇప్పుడు పోయింది నాతో ఉండిన ఆడమనిషి. ఆడమనిషి పోతే నా గాజులెందుకు తీస్తారు?"

ముత్తయిదువలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆడబిడ్డ ఏదో అనబోయింది. అత్త ఆగలేదు.

"ఇంకోటి విను. ఈ పిల్ల ఒక్కతూరి తీసకపోయింది. ఆపైన ప్రతితూరి తీసకపోయింది నేను. మిషన్ తొక్కీ తొక్కీ భుజాలు పట్టేస్తే, చేతికి కవరు తొడుక్కోని ఆ జెల్లు రోజూ పూసింది నేను. తప్పంటే ఈ చెయ్యిది అను. కానీ కండిప్పా, ఒట్టేసి చెప్తా ఉండా, ఆ మూడేండ్లూ ఆమె నిద్దర్లో పటపటమని పండ్లు కొరకలేదు. ముప్పై ఏండ్లు కొరికింది."

వాళ్ళు మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయారు. అన్నం కూడా తినలేదు. అత్త ఇల్లు ఊడ్చి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు మానేసినావు కదా" అంది. నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ చెప్పిందో, నా ముఖమే చెప్పిందో.

"డాక్టరు వేసుకోమన్నదా, వద్దన్నదా?"

"వేసుకోవచ్చంది."

"మరి?"

"భయంగా ఉంది అత్తా. నేను పెద్దత్తలాగా కాదు."

"ఏ పెద్దత్త?" అంది అత్త. "నీ ఎదుట నవ్వేదే, ఆ పెద్దత్తా? జెల్లు పూసేటప్పుడు ఆమె చెయ్యి వణికేది మే. రోజూ. మూడేండ్లూ. కండ్లు గట్టిగా మూసుకోని, పూసెయ్ పూసెయ్ అనేది. అయినాక నీకు చెప్పొద్దనేది. చిన్నపిల్ల, దడుసుకుంటది అనేది."

చాలాసేపటికి సంచిలోంచి మాత్రల అట్ట తీశాను. అత్త లేచి నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి, నా పక్కనే కూర్చుంది. నేను మాత్ర నాలుక మీద పెట్టుకుని ఆమె వైపు చూశాను. అత్త రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉంది. నేను మింగానని చెప్పేదాకా తెరవలేదు.