పవర్ లాగేస్తున్న పెద్దాయన

సినిమా చూడడం కంటే, రాబోయే సినిమాలో ఏం జరుగుతుందో ముందే తేల్చడమే పెద్ద బాధ్యత అనుకుని బతికిన కాలం ఒకటి నాకూ ఉండేది. పళ్ళ మార్కెట్టు ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉన్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్ళేదాన్ని (వెళ్ళడం వరకు నిజం). మిగతా బుర్రంతా, ఆకాశంలో ఎగిరే వీరుల మీద వరసగా భాగాలు తీస్తున్న ఒక సినిమా కంపెనీ ఎక్కడెక్కడ తప్పులో కాలేసిందో పట్టుకోవడానికే వాడేదాన్ని. రెండో భాగంలో వీరుడి ఎడమ చేతికున్న మచ్చ ఐదో భాగంలో కుడి చేతికి ఎలా వచ్చింది? దర్శకుడు మరిచిపోయాడని మామూలు జనం అనుకుంటారు. మేం అనుకోం. ఐదో భాగంలోవాడు వేరే లోకం నుంచి వచ్చిన ఇంకో వీరుడని పానీపూరీ బండి దగ్గర నిలబడి నిరూపించేదాన్ని. నా కోచింగ్ స్నేహితురాలు ప్రతిదానికీ సాక్ష్యం అడిగేది. అందుకే దాని పేరే సాక్ష్యం అయిపోయింది.

కొత్త భాగం విడుదలవుతున్న వారంలో నాకు నా జీవితంలోకెల్లా గొప్ప ఊహ తట్టింది. ఆ కథలో వీరులందరికీ విద్య నేర్పిన ముసలి గురువు ఒకాయన కొండ మీద కోటలో, పైగదిలో ఉంటాడు. భాగం భాగానికీ వీరుల శక్తి తగ్గిపోవడానికి కారణం ఆయనే అని నాకు తేలిపోయింది. సాయంత్రం బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్లో మా అభిమానుల గ్రూపుకి రాసి పంపాను: "మనవాళ్ళ పవరంతా లాగేస్తున్నది పైనున్న పెద్దాయనే. మంచివాడని నమ్మి మోసపోయాం. మూడోదాంట్లో అంతా చీకటైతే ఆయన గదిలో మాత్రం వెలుగెలా ఉంది? ఆదివారం బండారం బయటపడుతుంది."

అది వెళ్ళింది మా అపార్ట్‌మెంటు గ్రూపుకి.

మేం సరూర్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. అన్నిటికన్నా పై అంతస్తులో సెక్రటరీ గారు. నల్గొండ వైపు మనిషి. నీళ్ళ మోటారు, లిఫ్టు, వాచ్‌మన్ జీతం, అన్నీ ఆయనే చూసుకునేవారు. ఆ నెలలో మా అంతస్తులో తరచూ కరెంటు పోతుండేది. ఆయనింట్లో ఇన్వర్టర్ ఉంది. (ఇక పాఠకులకు నేను చెప్పవలసిందేమీ లేదు. నాకు మాత్రం ఇంటికి చేరేదాకా తెలియదు.)

నాన్న ఫోను పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు. మాది గోదావరి జిల్లా. మా మాట తీరు పక్కింటివాళ్ళకు ఎలా వినబడుతుందోనని ఎప్పుడూ గొంతు తగ్గించే మనిషి ఆయన. "అమ్మలూ, కరెంటు దొంగతనం సంగతి నీకెవరు చెప్పారు?" అన్నారు. అప్పటికే కింది అంతస్తువాళ్ళు తమకూ ఎప్పట్నుంచో అనుమానమేనని రాసేశారు. ఇంకెవరో సరేనన్నట్టు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. చివర్న సెక్రటరీ గారి మాట ఒక్కటే: ఆదివారం పొద్దున సెల్లార్‌లో అందరూ రండి, తాళాలు అప్పజెప్పి తప్పుకుంటా. ఇల్లు ఖాళీ చెయ్యమంటే మళ్ళీ ఎక్కడ వెతుక్కోవాలని అమ్మ దిగులు. సినిమా సంగతని వెంటనే గ్రూపులో రాశాను. భయపడి మాట మారుస్తున్నానని అందరూ మరింత గట్టిగా నమ్మారు.

ఆదివారం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీల మధ్య నిలబడి, నమ్మించడానికి వేరే దారి లేక, మొదటి భాగం నుంచి కథంతా చెప్పుకొచ్చాను. మూడో భాగం దగ్గర రెండో అంతస్తు ఆంటీ, గురువుకు పెళ్ళయిందా అని అడిగారు. ఐదో భాగానికి ఎవరో టీ తెప్పించారు. సెక్రటరీ గారు మాత్రం తాళాలగుత్తి ఒళ్ళో పెట్టుకుని తల ఎత్తలేదు. అంతా అయ్యాక మెల్లగా అడిగారు.

"గా పెద్దమనిషి పవర్ ఎందుకు గుంజుకుంటుండు?"

అంత శక్తి పిల్లల దగ్గరే ఉంటే వాళ్ళే కాలిపోతారని, అందుకే తన ఒంటి మీద వేసుకుంటున్నాడని, ఆ మాట ఎవరికీ చెప్పడని అన్నాను.

"మరి గా ముచ్చట రాయొద్దా బిడ్డా? సగమే రాస్తివి. ఇన్నేండ్ల సంది చేస్తున్న. ఒక్క మాటకు అందరు దొంగనే అన్నరు."

అప్పుడు, ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని మా నాన్న లేచి, "మా అమ్మాయిది తొందరపాటండీ. మీరు తాళాలిచ్చేస్తే రేపు నీళ్ళెవరు వదుల్తారు? మా ఎవరికీ ఆ మోటారు వెయ్యడం కూడా రాదు" అన్నారు. కింది అంతస్తాయన నిజమే అన్నాడు. తర్వాత లేచి వెళ్ళి సెక్రటరీ గారి చెయ్యి పట్టుకున్నాడు. సెక్రటరీ గారు తాళాలు జేబులో వేసుకుని నావైపు తిరిగారు. "సినిమా ఎన్ని గంటలకు?"

మధ్యాహ్నం ఎల్బీ నగర్ థియేటర్‌లో ఒక వరసంతా మా అపార్ట్‌మెంటే. ఒక చివర సాక్ష్యం, ఇంకో చివర మా నాన్న, నా పక్కన సెక్రటరీ గారు. సినిమా మొత్తమ్మీద ఆ గురువు ఒక్కసారి కూడా కనబడలేదు. లాగడం సంగతి దేవుడెరుగు, అలాంటి మనిషి ఉన్నట్టే కంపెనీవాళ్ళకు గుర్తు లేదు. సాక్ష్యం నావైపు జాలిగా చూసింది. పేర్లు పడుతుంటే జనం లేచిపోయారు. పేర్లయ్యాక చిన్న ముక్క ఒకటి వస్తుందని, దాంట్లో ఉంటాడని నేను గొణిగాను. సెక్రటరీ గారు లేవబోతున్న వరసనంతా చేత్తోనే కూర్చోబెట్టారు. చీపుర్లవాళ్ళు వచ్చేశారు. తెర నల్లబడింది. ఏమీ రాలేదు.

"ఈసారి మర్శినట్టున్నరు. వచ్చేదాంట్ల సూపిస్తరు తియ్" అన్నారాయన, నా భుజం తట్టి.

ఇప్పుడు నేను సినిమా అయీ అవకముందే పార్కింగ్‌లో రద్దీ తలుచుకుని లేచిపోతుంటాను. దర్శకుడు మరిచిపోతే మరిచిపోయాడనే అనుకుంటాను. అయినా అప్పుడప్పుడూ, నల్లటి తెర ముందు, ఇంకా ఏదో రాబోతోందని కదలకుండా కూర్చున్న ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఆమెకు అంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చేదో గానీ, ఆమె పక్కన ఇంకొంచెంసేపు కూర్చోవాలనిపిస్తుంది.