నోరు తెరిచిన సున్నాలు

"నీకసలు కళ్ళు కనపడతాయా?" అని అడిగాడు డాక్టరు.

"కనపడవండీ. ఆ ముక్క చెప్పిపోదామనే వచ్చాను," అన్నాడు బోర్డుల మేస్త్రి.

ముప్ఫై ఏళ్ళుగా షాపులకు బోర్డులు రాస్తున్న మనిషి. దగ్గరి చూపు మసకబారి ఆరేళ్ళయింది. కళ్ళజోడు పెడితే బేరాలు పోతాయని భయం. పెద్ద అక్షరాలు ఎలాగూ కనపడుతున్నాయాయె! మూడేళ్ళ కిందట వైమానిక దళం ఆసుపత్రిలో కంటిపరీక్ష పటం చిరిగిపోతుంటే, దాన్ని రేకు మీదికి దించమని గుమాస్తా పురమాయించాడు. పటం నిండా సున్నాలు. ఒక్కోటి ఒక్కో దిక్కున నోరు తెరిచి ఉంటుంది. ఎటు తెరిచిందో చెప్పినవాడే పైలట్. పై వరుసలు మేస్త్రి దివ్యంగా దించాడు. ఆఖరి వరుస ఆవగింజలంత. నోళ్ళన్నీ మూసుకున్నట్టే కనిపించాయి. మూసి వదిలేస్తే బాగుండదని తనకు తోచిన వైపు తెరిచాడు.

మొన్న ఆ బోర్డు ముందే మేస్త్రి కూతురు నిలబడింది. దేశసేవ, నీలాకాశం లాంటి పెద్దమాటలు ఆ ఇంట్లో ఎవరూ ఆడరు. పిల్లకి యుద్ధవిమానం నడపాలనుంది, అంతే. ఆఖరి వరుసతో సహా గడగడా చెప్పింది. తప్పింది. కళ్ళద్దాలు జేబులో దాచుకుని, కోచింగులో జవాబులు బట్టీపట్టి వచ్చిన కుర్రాడు మాత్రం నెగ్గాడు.

"కనపడ్డదే చెప్పాను నాన్నా," అంటూ ఇంటికొచ్చి ఆ వరుస గీసి చూపించింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. మేస్త్రి తోచినట్టు తెరిచిన నోళ్ళే అవి. తన చేతిపని తనకు తెలియదూ? అప్పీలు పరీక్ష గురువారం. బుధవారం పొద్దున్నే ఆసుపత్రికి పరిగెత్తాడు.

డాక్టరు పాత పటం నాటి జవాబుల కాగితం పట్టుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి బోర్డు దగ్గరికెళ్ళి వంగి చూశాడు. ఆఖరి వరుస కాగితంతో కలవలేదు.

"అయితే మూడేళ్ళుగా ఇక్కడ నెగ్గినవాళ్ళంతా..."

"ఎగురుతున్నారండీ."

"మెల్లిగా అనవయ్యా! బోర్డు తప్పని నేను రాయలేను, మార్చమనీ రాయలేను. అది ఆఫీసు సొత్తు."

"ఎలా అయిందండీ? సరిచూసినట్టు మీ సంతకం లేదని నా బిల్లు ఆపేశారుగా. డబ్బు ముట్టేదాకా అది నా సరుకే."

డాక్టరు కిటికీ వైపు తిరిగాడు. "నేనేమీ చూడలేదు," అంటూ ఆ జవాబుల కాగితం వెనకనున్న మేస్త్రికి అందించాడు.

"అది మీకు అలవాటేగా," అని మేస్త్రి బోర్డు దింపి చంకన పెట్టుకున్నాడు.

దారిలోనే కళ్ళజోడు కొన్నాడు. పెట్టుకోగానే తన షాపు బోర్డు మీదే నాలుగు మరకలు కనిపించాయి. కూతుర్ని మేనత్త ఇంటికి తరిమేశాడు, చూస్తే బట్టీపట్టినట్టే లెక్క అని. సన్నటి కుంచెతో ఐదు నోళ్ళూ దిద్ది, తెల్లారేసరికి బోర్డు ఆసుపత్రి గోడకి తగిలించి వచ్చాడు.

అమ్మాయి ఐదుకి ఐదూ చెప్పింది. శిక్షణకు వెళ్ళి ఏడాదవుతోంది. సరిచూసినట్టు డాక్టరు నేటికీ సంతకం పెట్టలేదు; బోర్డు తాలూకు పన్నెండు వందలు మేస్త్రికి ఇంకా రావాలి.